మనిషికి ఒక్క చిన్న బ్యాగు చాలంటున్న ప్రొడక్షన్ మేనేజర్లకు

లైవ్ కార్యక్రమాలు నడిపించే ప్రొడక్షన్ మేనేజర్లకు, లైన్ ప్రొడ్యూసర్లకు,

నమస్కారం.

ఈ మధ్య మీరు పంపే కాల్ షీట్ల (ఎవరు ఎప్పుడు, ఎక్కడికి రావాలో చెప్పే కాగితాల) అడుగున ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తోంది: "మనిషికి ఒక్క చిన్న బ్యాగు మాత్రమే." మొదట ఎవరో ఒకరిద్దరు రాశారు. ఇప్పుడు ఒకరిని చూసి ఒకరు రాస్తున్నారు. ఎందుకు రాస్తున్నారో కెమెరా, సౌండ్ లాంటి విభాగాల్లో పనిచేసే మాకు తెలియనిది కాదు. వ్యానులో కాళ్లు పెట్టుకునే చోటు కూడా ఉండదు. స్టేడియం గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ప్రతి బ్యాగూ విప్పిస్తారు, అక్కడే బోలెడు సమయం పోతుంది. విమానంలో అదనపు బరువుకు డబ్బు కట్టేది మీరే. ఓబీ వ్యాన్ (బయటి చోటు నుంచి ప్రసారం నడిపే కంట్రోల్ రూమ్ బండి) మెట్ల మీద, ప్యానెల్ (షో నడిపే యంత్రాల బల్ల) వెనక, అత్యవసర ద్వారం దగ్గర మా బ్యాగులు గుట్టగా పడి ఉంటే అగ్నిప్రమాదం జరిగిన రోజు బయటికి దారి ఉండదు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ ఆ వాక్యం రాసేముందు ఎవరైనా ఒక్క సౌండ్ అసిస్టెంట్ బ్యాగు, ఒక్క కెమెరామన్ బ్యాగు విప్పించి చూశారా? చూసి ఉంటే ఒక సంగతి తెలిసేది. మా బ్యాగులో సగం సామాను మా చేతిపనికి కావలసింది. అది మా పూచీ, దాన్ని ఎంతైనా సర్దుకుంటాం. మిగతా సగం, మీరు ఏర్పాటు చేయాల్సినవి చేయకపోవడం వల్ల, చెప్పాల్సినవి చెప్పకపోవడం వల్ల మేం మోస్తున్నది. బ్యాగు చిన్నది కావాలంటే తగ్గాల్సింది ఈ రెండో సగం. అది తగ్గించడం మీ చేతిలో ఉంది, మా చేతిలో లేదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు మొదటి సగం గురించి చెబుతాను. అది కూడా మీలో కొందరికి అనవసరపు బరువుగా కనిపిస్తోంది కాబట్టి.

సినిమా షూటింగులో మైకు పనిచేయకపోతే దర్శకుడు కట్ చెబుతాడు. కొత్త మైకు వస్తుంది, మళ్లీ తీస్తారు. మనకు ఆ వెసులుబాటు లేదు. యాంకర్ మాట మధ్యలో కాలర్ మైకు ఆగిపోతే, స్టోరు ఓబీ వ్యాన్ వెనక ఉన్నా, పక్క ఊళ్లో ఉన్నా మాకు ఒకటే. బ్రేక్ వచ్చేదాకా చేతి మైకుతో నెట్టుకురావాలి. ఆ బ్రేక్ రెండు మూడు నిమిషాలే. అందులోనే మేకప్ సర్దేవాళ్లు వస్తారు, ప్రొడ్యూసర్ వచ్చి చెవిలో ఏదో చెబుతాడు, అతిథి నీళ్లు అడుగుతాడు. ఇంత సందడిలో సౌండ్ మనిషికి మిగిలేది ముప్పై నలభై సెకన్లు. అందుకే అతని నడుముకు కట్టుకున్న సంచిలో కొత్త ఏఏ సెల్స్ ఉంటాయి. చర్మానికి అంటుకునే మెడికల్ టేపు ఉంటుంది, గాలికి మైకు మీద తొడిగే బొచ్చు తొడుగులు రెండు మూడు ఉంటాయి, ఒక స్పేర్ కాలర్ మైకూ ఉంటుంది. సగం వాడిన సెల్స్‌ను షో ముందే తీసి పక్కన పెడతాడు. బయటి నుంచి చూసేవాళ్లకు అది దుబారా. ఇంకా కొంత ఛార్జింగ్ ఉంది కదా అని ఒక ప్రొడక్షన్ అకౌంటెంట్ అడిగాడు కూడా. ఎంత ఉందో కచ్చితంగా తెలియని సెల్‌ను లైవ్‌లో ఎవరి మైకుకు పెట్టమంటారు?

గాఫర్ టేపు సంగతి కూడా అంతే. "టేపే కదా, బయట ఎక్కడైనా దొరుకుతుంది" అంటారు. బయట దొరికేది మెరుస్తుంది, లైటు పడితే కెమెరాలో కనబడుతుంది. పీకితే జిగురు నేలకు, కేబుల్‌కు పట్టుకుని వదలదు. ఆ జిగురు కేబుల్‌కు దుమ్ము పట్టి, మర్నాడు చుట్టేటప్పుడు చేతులకు అంటుకుంటుంది. గాఫర్ టేపు గుడ్డతో చేసింది, మెరవదు, చేత్తో చిరుగుతుంది, పీకితే శుభ్రంగా వస్తుంది. జనం నడిచే దారిలో కేబుల్‌ను అణచి ఉంచేది అదే. ఎవరైనా తట్టుకుని పడితే మీ ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా దాని గురించే ఉంటుంది.

కనెక్టర్లు మీకు ఇంకా విసుగు తెప్పిస్తాయని తెలుసు. చిన్న డబ్బాలో రెండు వీడియో కేబుళ్లను కలిపే బీఎన్‌సీ బ్యారెళ్లు, మైకు కేబుళ్లకుండే ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులను మగ-ఆడ మార్చే అడాప్టర్లు, హెడ్‌ఫోన్ పిన్నును పెద్దది చేసేవి, చిన్నది చేసేవి. ఇవి ఎందుకంటే టాక్‌బ్యాక్ (షో మధ్యలో డైరెక్టర్, సిబ్బంది మాట్లాడుకునే లైను) బెల్ట్‌ప్యాక్‌లు, అంటే నడుముకు తగిలించుకుని హెడ్‌సెట్ గుచ్చుకునే డబ్బాలు, అన్నీ ఒకేలా ఉండవు. ఒక కంపెనీది నాలుగు పిన్నులు, ఇంకోదానికి ఐదు. నాలుగు పిన్నులవాటిలోనే ఒకదానికి పిన్నులు ప్యాక్ వైపు, ఇంకోదానికి హెడ్‌సెట్ వైపు. మా హెడ్‌సెట్ మేం తెచ్చుకుంటే మీ బెల్ట్‌ప్యాక్‌కు పట్టకపోవచ్చు. మీరిచ్చే హెడ్‌సెట్ పెట్టుకుంటే నిన్న దాన్ని పది గంటలు పెట్టుకున్న మనిషి చెమట ఇంకా స్పాంజిలో ఉంటుంది. చెవి ఇన్‌ఫెక్షన్ వచ్చిన వాళ్లను అడగండి, సొంత హెడ్‌సెట్ ఎందుకు మోస్తున్నారో చెబుతారు. ఏ కంపెనీ టాక్‌బ్యాక్ వాడుతున్నారో కాల్ షీట్‌లో ఒక్క ముక్క రాస్తే ఈ డబ్బాలో సగం అడాప్టర్లు ఇంట్లోనే ఉంటాయి.

కెమెరాకు, ఓబీ వ్యాన్‌కు మధ్య నడిచే ఫైబర్ కేబుల్ కొసలు తుడిచే క్లీనర్ ఒకటి ఉంటుంది, చూడ్డానికి మార్కర్ పెన్నులా. దాన్ని గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఏదో వైద్య పరికరం అనుకుని పక్కన పెట్టేశాడు ఒకసారి. ఆ కేబుల్‌లో వెలుతురు నడిచే గాజుపోగు మధ్యభాగం సుమారు 9 మైక్రాన్లు. మనిషి వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు. కంటికి కనబడని దుమ్ము రేణువు ఒకటి అక్కడ కూర్చుంటే చాలు, కెమెరా బొమ్మ పోతుంది. పోవడం కూడా నెమ్మదిగా మసకబారి పోదు. డిజిటల్ సిగ్నల్ అంచుదాకా బాగానే ఉంటుంది, అంచు దాటితే ఒక్కసారిగా చుక్కలు చుక్కలై నల్లబడుతుంది. ఆ క్షణంలో డైరెక్టర్ టాక్‌బ్యాక్‌లో వేసే కేకలు మీరు వినకపోవడమే మంచిది.

ప్యానెల్ మీద కూర్చునే వాళ్ల బ్యాగులు వేరే రకం. స్విచర్ (ఏ కెమెరా బొమ్మ ప్రసారంలోకి వెళ్లాలో మార్చే యంత్రం) నడిపే మనిషి దగ్గర పెన్ డ్రైవ్ ఉంటుంది, అందులో షో సెటప్ మొత్తం ఉంటుంది. అదే ఫైల్ ఇంకో పెన్ డ్రైవ్‌లోనూ ఉంటుంది. ఒకటి చదవకపోతే రెండోది. గ్రాఫిక్స్ వాళ్ల దగ్గర పేర్ల జాబితా కాగితం మీద ఉంటుంది, ప్రతి పేరు పక్కన ఎలా రాయాలో సరిచూసుకున్న గుర్తుతో. రీప్లే ఆపరేటర్ దగ్గర ఏ క్లిప్‌లో ఏముందో రాసుకునే చిన్న నోటుబుక్కు. వయసు నలభై దాటిన వాళ్లందరి దగ్గరా రెండో జత కళ్లద్దాలు.

ప్రొడక్షన్ అసిస్టెంట్ మెడలో స్టాప్‌వాచ్ చూసి ఈ కాలంలో కూడానా అని నవ్వేవాళ్లున్నారు. ఫోను ఉందిగా అంటారు. స్టాప్‌వాచ్ బటన్‌ను చూడకుండా వేలితో నొక్కవచ్చు, కళ్లు మానిటర్ మీదే ఉంటాయి. దాని తెర మీదికి వాట్సాప్ మెసేజ్ రాదు. లెక్క కూడా చూడండి: 9 గంటల 58 నిమిషాల 30 సెకన్లకు షో వదలాలి. ముగింపు మాటలు 45 సెకన్లు, దానికి ముందు పాట 3 నిమిషాల 40 సెకన్లు. అంటే 9 గంటల 54 నిమిషాల 5 సెకన్లకు పాట మొదలవ్వాలి. ఈ లోపు ముఖ్య అతిథి నిమిషంన్నర ఎక్కువ మాట్లాడాడు. ఇప్పుడు దేన్ని కోయాలి, ఎంత కోయాలి? ఆ జవాబు డైరెక్టర్ అడిగిన వెంటనే రావాలి. అందుకే పెన్సిలు, రబ్బరు, కాగితాలు బిగించే అట్ట. ఇవి బరువు కావు, వీటి జోలికి మీరు రావడం లేదు, సంతోషం.

ఇక విమాన ప్రయాణం. "ఒక్క చిన్న బ్యాగు" అనే మీ నిబంధన సాధ్యం కానిది ఇక్కడే. లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు విడిగా ఉంటే లగేజీలో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. అది అంతర్జాతీయంగా ఉన్న నిబంధన. 100 వాట్ అవర్ లోపు ఉన్నవాటికి సాధారణంగా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, అవి కూడా స్పేర్‌గా రెండుకు మించకూడదు. కెమెరా వెనక తగిలించే వీ-మౌంట్ బ్యాటరీల్లో చాలావాటి మీద 98 వాట్ అవర్ అని ఉండటం వెనక కారణం ఇదే. మల్టీటూల్, కట్టర్, పొడవైన స్క్రూడ్రైవర్ సంగతి దీనికి పూర్తిగా రివర్స్. చాలా విమానాశ్రయాల్లో చాకు ఉన్న పనిముట్టును క్యాబిన్‌లోకి రానివ్వరు, లగేజీలోనే వేయాలి. బ్యాటరీ కింద వేయకూడదు, చాకు పైకి తేకూడదు. మరి ఒక్క బ్యాగులో రెండూ ఎలా తెమ్మంటారు? పనిముట్లకు ప్రొడక్షన్ తరఫున ఒక పెట్టె ఉమ్మడిగా లగేజీలో వేస్తే పది మంది చెక్-ఇన్ బ్యాగులు తగ్గుతాయి. ఆ పెట్టె ఉంటుందో లేదో కాల్ షీట్‌లో ముందే చెప్పాలి, బోర్డింగ్ గేటు దగ్గర కాదు.

బట్టల విషయంలో మా మీద ఒక అపోహ ఉంది. ఊరికే రెండు మూడు జతలు పెట్టుకుంటారని. ఓబీ వ్యాన్‌లో యంత్రాలు వేడెక్కకుండా ఏసీ ఎంత చలిగా పెడతారో మీకు తెలుసు, మీరు లోపలికి వచ్చి రెండు నిమిషాల్లో బయటికి వెళ్లిపోతారు కాబట్టి చల్లగా హాయిగా ఉందనుకుంటారు. అక్కడ పన్నెండు గంటలు కూర్చునే ఇంజనీర్‌కు స్వెటర్ కావాలి. అదే ఇంజనీర్ మధ్యాహ్నం కేబుల్ సరిచేయడానికి ఎండలోకి వస్తాడు, అప్పుడు పలుచటి చొక్కా, టోపీ కావాలి. ఫ్లోర్ మీద ఉండేవాళ్లకు నల్ల బట్టలు తప్పనిసరి, తెల్ల చొక్కా వేసుకుంటే అద్దాల్లో, మెరిసే సెట్ల మీద మా ప్రతిబింబం కనబడుతుంది. నడిస్తే గరగరమనే జాకెట్ మైకు దగ్గర పనికిరాదు. గ్రీన్ మ్యాట్ (వెనక వేరే బొమ్మ చేర్చడానికి కట్టే ఆకుపచ్చ తెర) ఉంటే ఆకుపచ్చ చొక్కా వేసుకున్న మనిషి తల మాత్రమే గాల్లో తేలుతుంది. అది చూసి ఒకరోజు పీసీఆర్ (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్) మొత్తం నవ్వింది, సరదాగానే గడిచింది, కానీ ఆ రోజు అతని దగ్గర మార్చుకోవడానికి ఇంకో చొక్కా ఉండబట్టే సరదాగా గడిచింది.

వాన గురించి వేరే చెప్పక్కర్లేదు. బీబీసీ టీవీ కెమెరాలు స్టూడియో దాటి బయటికి వచ్చిన తొలి పెద్ద ప్రసారం 1937 మే 12న లండన్‌లో జరిగింది. రాజు పట్టాభిషేకం ఊరేగింపును బీబీసీ మూడు కెమెరాలతో చూపించింది, ఆ రోజు కూడా వాన పడింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా వానకు కెమెరాను ముందు కప్పుతారు, మనిషిని తర్వాత చూసుకుంటారు. దాన్ని నేను తప్పు పట్టను, కెమెరా తడిస్తే షో పోతుంది. కానీ కెమెరాకు రెయిన్ కవర్ అద్దె సామాను జాబితాలో ఉన్నప్పుడు, దాని వెనక నిలబడే మనిషికి రెయిన్ కోటు ఎందుకు లేదు? మా బ్యాగులో చోటు ఎక్కువ తినేవాటిలో అదొకటి. రెండోది తడిసిన సాక్సులు మార్చుకోవడానికి పొడి సాక్సులు, మూడోది తువ్వాలు. ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి తెచ్చిన లెన్సుకు ఆవిరి పడుతుంది, దాన్ని తుడిచే మెత్తటి గుడ్డలు అదనం.

ఇక అసలు సంగతికి వస్తాను. తాగునీరు, తిండి, బాత్రూమ్. ఈ మూడింటి గురించి మీతో ఎవరూ గట్టిగా మాట్లాడరు, మొహమాటం.

ఎత్తయిన స్కాఫోల్డింగ్ మీద ఉన్న కెమెరా దగ్గరికి ఒకసారి ఎక్కితే షో ముగిసేదాకా దిగే వీలు చాలాసార్లు ఉండదు. కింద జనం నిండిపోతారు, నిచ్చెన దగ్గరికి దారి మూసుకుపోతుంది, బదులు నిలబడే మనిషి ఉండడు. అందుకని కెమెరామన్ ఏం చేస్తాడో తెలుసా? షోకు చాలాసేపటి ముందు నుంచే నీళ్లు తాగడం మానేస్తాడు. ఎండలో, ఆ ఎత్తులో, బరువైన లెన్సు తిప్పుతూ, నీళ్లు తాగకుండా. అతని బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తలనొప్పి మాత్రలు అందుకే ఉంటాయి. వాటిని చూసి "జాగ్రత్తపరుడు" అని మెచ్చుకున్న ప్రొడ్యూసర్‌ను నేను చూశాను. మెచ్చుకోవాల్సింది లేదు. ప్రతి ఎత్తయిన స్థానానికీ బదులు మనిషిని పెట్టండి. మధ్యలో పావుగంట దిగే ఏర్పాటు రన్‌డౌన్‌లోనే (షోలో ఏది ఎప్పుడో చెప్పే జాబితాలోనే) రాయండి. ఏ పాట సమయంలో ఆ కెమెరా అక్కర్లేదో డైరెక్టర్‌కు తెలుసు, అడిగితే చెబుతాడు.

ఆడవాళ్ల విషయం ఇంకా ఘోరం. కెమెరా, సౌండ్, ఫ్లోర్, అన్ని విభాగాల్లోనూ ఇప్పుడు అమ్మాయిలు పనిచేస్తున్నారు. బాత్రూమ్ ఎక్కడ, ఎంత దూరం, తలుపుకు గడియ ఉందా, లైటు ఉందా, రాత్రి కూడా తెరిచి ఉంటుందా, చాలా కాల్ షీట్లలో ఒక్క మాట ఉండదు. జనరేటర్ ఎక్కడ పెడతారో మాత్రం మ్యాప్ గీసి చూపిస్తారు. దాంతో వాళ్ల బ్యాగుల్లో శానిటరీ ప్యాడ్లు, పేపర్ నాప్కిన్లు, శానిటైజర్, టార్చి, మార్చుకునే దుస్తులు, ఇవన్నీ రోజుకు సరిపడా కాకుండా ఏం జరుగుతుందో తెలియని రోజుకు సరిపడా ఉంటాయి. బెల్ట్‌ప్యాక్ తగిలించుకోవడానికి గట్టి బెల్టు కావాలని కాల్ షీట్‌లో రాసేవాళ్లు, ఆ బెల్టు విప్పి పెట్టుకోవడానికి ఒక కొక్కెం ఉన్న గది గురించి కూడా రాస్తే బాగుంటుంది. మా టీమ్‌లో సీనియర్ ఒకామె, మేమంతా అక్కా అని పిలుస్తాం, లొకేషన్‌కు రాగానే ముందు బాత్రూమ్ వెతికి వచ్చి గ్రూపులో మెసేజ్ పెడుతుంది. ఆ పని ఆమెది కాదు.

తిండి గురించి తొందరగా ముగిస్తాను. బ్యాగులో తిండి ఉంటుంది, ఎందుకంటే భోజనం వస్తుందని చెప్పిన సమయానికి రాదు. వచ్చేసరికి రిహార్సల్ మొదలవుతుంది. మేం తెచ్చుకునే తిండికి రెండే నియమాలు: కవర్ చప్పుడు చేయకూడదు, చేతికి జిడ్డు అంటకూడదు. నీళ్ల సీసాకు ఒకటే: మూత గట్టిగా బిగియాలి. మూతలేని కప్పు ప్యానెల్ మీద ఒలికితే ఏమవుతుందో మీ ఇంజనీర్‌ను అడగండి.

చెవుల విషయం మీరు తేలిగ్గా తీసుకుంటున్నారని నా అభిప్రాయం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ప్రతి 3 డెసిబెల్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి పావుగంట. స్పీకర్ల పక్కన, లేదా అరుపుల మధ్య హ్యాండ్‌హెల్డ్ కెమెరా పట్టుకున్న మనిషి 100 దగ్గర గంటల తరబడి ఉంటాడు. పైగా టాక్‌బ్యాక్ వినబడాలని దాని వాల్యూమ్ ఇంకా పెంచుకుంటాడు. బయటి శబ్దాన్ని ఆపే రెండు చెవుల హెడ్‌సెట్ ఇస్తే వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. ఇయర్ ప్లగ్‌లు మేం మోయాల్సిన వస్తువు కాదు. హెల్మెట్, సేఫ్టీ హార్నెస్ ఎలా ఇస్తారో అలాగే మీరు గేటు దగ్గర చేతిలో పెట్టాల్సిన వస్తువు. హార్నెస్ కూడా తెచ్చుకోమని ఎవరో రాశారట, ఎప్పుడు తనిఖీ చేశారో తెలియని హార్నెస్‌ను మనిషి ఇంటి నుంచి తెచ్చుకుని ఎత్తు ఎక్కడమేంటి?

చివరిగా, బ్యాగు అడుగున ఉండేవి. టూత్ బ్రష్, మెడ కింద పెట్టుకునే దిండు, ఒక జత లోపలి బట్టలు, సబ్బు. షో సాయంత్రం ముగుస్తుందని రాసి ఉన్నా ఇవి పెట్టుకుంటాం. కాల్ షీట్‌లో రావాల్సిన సమయం నిమిషాలతో సహా ఉంటుంది, వెళ్లే సమయం ఉండదు. షో అయిపోయిందంటే పని అయిపోయినట్టు కాదు. కేబుళ్లు చుట్టాలి, లైట్లు చల్లారేదాకా ఆగి దించాలి, పెట్టెలు లెక్కపెట్టి లారీ ఎక్కించాలి. అర్ధరాత్రి దాటుతుంది. మర్నాడు పొద్దున్నే ఇంకో చోట కాల్. అప్పుడు బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లడం కంటే వ్యాన్‌లో నేల మీద పడుకోవడం మేలనిపిస్తుంది. ఆ దిండు దానికి.

17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతులు, కళ్లు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా పనిచేస్తాయని 1990ల చివర నుంచి వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. 1997 మార్చిలో అమెరికాలో ఒక సినిమాకు పనిచేస్తున్న అసిస్టెంట్ కెమెరామన్ 19 గంటల పని ముగించి కారులో ఇంటికి వెళుతూ నిద్రపట్టి, ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత రోజుకు 14 గంటలకు మించి పని ఉండకూడదంటూ అక్కడి సిబ్బంది పెద్ద ఎత్తున సంతకాలు సేకరించారు. అది సినిమా, మనది లైవ్ అని తేడా చూపించకండి. కేబుల్ చుట్టి దింపాక బండి తాళం తీసే చెయ్యి రెండు చోట్లా ఒకటే.

మావైపు తప్పులు లేవని అనను. మాలోనూ కొందరు హార్డ్‌వేర్ షాపును వీపున వేసుకుని వచ్చినట్టు వస్తారు. ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చిందని పాతకాలపు స్కార్ట్ అడాప్టర్‌ను ఇప్పటికీ మోసేవాళ్లున్నారు. కేబుల్ టైల (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీల) కట్టలు ముగ్గురి దగ్గర ఉంటే ముగ్గురూ తెస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అది మేం సర్దుకుంటాం. విభాగానికి ఒక ఉమ్మడి డబ్బా పెట్టుకుని, ఎవరు ఏది తేవాలో ముందు రోజు గ్రూపులో పంచుకోవడం మా పని. కానీ అందులో టేపు, సెల్స్, టైలు, మార్కర్లు అయిపోతే ఎవరు కొంటారు? రోజుకూలి మీద వచ్చే వాళ్లు ఇవన్నీ సొంత డబ్బుతో కొంటున్నారు. మీ షోలో వాడేసినవి మీ షో ఖాతాలోంచి తిరిగి నింపాలి. కెమెరా అద్దెకు బిల్లు అడిగినట్టే వీటికీ బిల్లు అడగండి, ఇస్తాం. సొంత హెడ్‌సెట్ మీ లొకేషన్‌లో విరిగితే ఎవరు బాధ్యులో కూడా ముందే తేల్చండి.

ఇప్పుడు బేరం చెబుతున్నాను. కాల్ షీట్‌లో ఇవి రాయండి: ఏ టాక్‌బ్యాక్ వాడుతున్నారు, ఫోన్లు ఛార్జ్ చేసుకునే ప్లగ్ పాయింట్లు ఎక్కడ, తాగునీరు ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ, పని ముగిసే సమయం సామాను దించేదాకా కలిపి ఎంత, ఆ తర్వాత ఇంటికి వాహనమా, పడుకోవడానికి గదా. తాళం వేసుకునే ఒక గది గానీ, ఇనుప పెట్టె గానీ ఇవ్వండి, బ్యాగు ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో దాన్ని ప్యానెల్ దాకా మోసుకొచ్చే అవసరం ఉండదు. వాన కోట్లు, ఇయర్ ప్లగ్‌లు, సన్‌స్క్రీన్, ప్రథమ చికిత్స పెట్టె, ప్యాడ్లు సామాను జాబితాలో చేర్చండి. ప్రథమ చికిత్స పెట్టె అంటే తాళం వేసి, తాళం చెవి ప్రొడక్షన్ ఆఫీసులో ఉంచేది కాదు.

ఇవి జరిగితే పవర్ బ్యాంకు తగ్గుతుంది, దిండు తగ్గుతుంది, వాన కోటు, తువ్వాలు, మాత్రల డబ్బా, సగం తిండి, సగం అడాప్టర్లు తగ్గుతాయి. మిగిలేది చిన్న బ్యాగే. నడుము సంచి, హెడ్‌సెట్, ఒక జాకెట్, నీళ్ల సీసా, పెన్నులు. ఆ రోజు మీరు రాసిన వాక్యానికి మేమే సంతకం పెడతాం. ఇవేవీ జరగకుండా గేటు దగ్గర బ్యాగు కొలిచే మనిషిని నిలబెడితే మాత్రం, మేం తగ్గించేది ముందు మా సౌకర్యాలను కాదు, మీ షోకు పనికొచ్చే స్పేర్లను. ఎందుకంటే పొడి సాక్సులు మానేసి మీ కనెక్టర్ మోయమని మాకు ఎవరూ చెప్పలేరు.

మీకు వేరే జవాబు రాసే శ్రమ అక్కర్లేదు. తర్వాతి కాల్ షీట్‌లో పని ముగిసే సమయం, బాత్రూమ్ చోటు, ఈ రెండు గడులు కొత్తగా చేర్చి పంపండి. మిగతావి కూర్చుని మాట్లాడుకుందాం, ప్రీ-ప్రొడక్షన్ మీటింగ్‌కు ప్రతి విభాగం నుంచి ఒకరిని పిలిస్తే చాలు.

ఇట్లు,
లైవ్ కెమెరా విభాగంలో పనిచేసే ఒకరు